అమ్మ మతిమరుపు, నాన్న పాల పుస్తకం: నా అనుభవం

మా అమ్మ ఒక్క రోజు కూడా బడికి వెళ్ళలేదు. సంతకం అన్నయ్య నేర్పాడు. ఇప్పటికీ చివరి అక్షరం దగ్గర ఒకసారి ఆగి, ఊపిరి పీల్చుకుని రాస్తుంది. అలాంటి మనిషి గుడివాడ దగ్గర మా ఊళ్ళో 30 ఏళ్ళపాటు 23 ఇళ్ళకు వాడుకపాలు పోసింది. ఎవరికి పొద్దున అరలీటరు, ఎవరికి సాయంత్రం పావు, ఎవరింట్లో చుట్టాలు దిగి నాలుగు రోజులు ఎక్కువ పోయించుకున్నారు, ఎవరు ఊరెళ్ళి ఎన్ని నాగాలు పెట్టారు, అంతా నోటి లెక్కే. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఒక నెల లెక్కంతా కాగితం మీద వేసి గొప్పగా చూపించాను. చదవడం రాని అమ్మ నేను చెబుతుంటే విని, "రామాలయం పక్కింటికి రెండు నాగాలు వదిలేశావు" అంది. నిజమే, వదిలేశాను.

ముందుగా ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఆస్పత్రిలో జరిగిన పరీక్షలన్నిటికీ ఇదే ఆధారమైంది.

అమ్మకిప్పుడు 72 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక గేదెల్ని ఒక్కొక్కటిగా అమ్మేసి, ఒక్క గేదెను, ఆరు ఇళ్ళను మిగుల్చుకుంది. నేను హైదరాబాదులో స్కూల్ టీచర్ని. అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. ఇద్దరం రోజూ ఫోన్ చేస్తాం. ఫోన్లో అమ్మ ఎప్పుడూ బాగానే ఉండేది. తిన్నావా, పిల్లలేం చేస్తున్నారు, అక్కడ చలిగా ఉందా. ఈ మాటలు ఏళ్ళ తరబడి నోటికి అలవాటైపోయినవి. నిన్న ఏం జరిగిందో గుర్తుండక్కర్లేదు, పది నిమిషాలు మాట్లాడొచ్చు. దూరాన ఉన్న పిల్లలం ఆ పది నిమిషాలే చూసి, అమ్మకేం, బ్రహ్మాండంగా ఉందనుకున్నాం.

2024 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఎదురింటి అత్తయ్యగారు నన్ను గేటు దగ్గర ఆపారు. "ఏమనుకోకు అమ్మాయ్, మీ అమ్మ ఈ నెల పాల డబ్బులు రెండుసార్లు పట్టుకెళ్ళింది. నేనేం అనలేదులే. మీ నాన్నే తెచ్చి ఇచ్చేశాడు" అన్నారు. నాన్నను అడిగితే, "వయసొచ్చింది కదమ్మా. నాకు మాత్రం అన్నీ గుర్తుంటున్నాయా?" అని టీవీ పెట్టుకున్నారు.

అయినా మనసు ఆగక దగ్గర్లోని టౌన్లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అయిదు నిమిషాలు చూశారు. ఈ రోజు ఏ వారం అని అడిగారు, పిల్లలెంతమంది అని అడిగారు. రెండూ అమ్మ టక్కున చెప్పింది. "వయసండీ. ఈ మాత్రం చాదస్తం అందరికీ ఉంటుంది" అని బలానికి మాత్రలు రాశారు. నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నేను వినాలనుకున్న మాట అదే. ఆయన మీద ఎంత కోపం ఉందో, ఆ మాట పట్టుకుని తొమ్మిది నెలలు ఊరుకున్న నా మీద నాకు అంతే కోపం ఉంది.

ఆ తొమ్మిది నెలల్లో అమ్మకు నిద్ర పట్టడం లేదని ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒకరు నిద్రమాత్ర ఇచ్చారు. రాత్రిళ్ళు మాటిమాటికీ బాత్‌రూమ్‌కి లేస్తోందని ఇంకొకరు ఇంకో మాత్ర ఇచ్చారు. అక్టోబరులో ఒక రాత్రి లేచి, నీళ్ళ తొట్టి దగ్గర పడిపోయింది. నుదురు వాచింది. ఆ తర్వాత రెండు వారాలు మనిషి మరీ అయోమయంగా అయిపోయింది. సెలవు పెట్టి వెళ్ళి, ఇద్దరినీ హైదరాబాదు తీసుకొచ్చేశాను. ఒక పెద్దాస్పత్రిలో మతిమరుపు వచ్చినవాళ్ళ కోసమే మెమరీ క్లినిక్ ఉందని తోటి టీచర్ చెబితే అక్కడ పేరు రాయించాను.

ముందు స్కాన్ తీస్తారని, మెషిన్ చెప్పేస్తుందని అనుకుని వెళ్ళాను. ఆ రోజు డాక్టరమ్మ చేసిందల్లా మాట్లాడటమే. దాదాపు గంటన్నర. మొదట అమ్మతో, మా ముందరే. "ఏమమ్మా, ఏం ఇబ్బంది?" అని అడిగితే అమ్మ నాన్న వైపు తిరిగింది. "రాత్రి ఏం తిన్నారు?" మళ్ళీ నాన్న వైపు. నాన్న వెంటనే అందుకుని "పెరుగన్నం" అన్నారు. డాక్టరమ్మ నవ్వి, "బాబాయిగారూ, మీరు కాసేపు చెప్పకండి" అన్నారు. ప్రశ్న అడగ్గానే పక్కవాళ్ళ వైపు తల తిప్పడం కూడా ఒక గుర్తని తర్వాత చెప్పారు. ఇంట్లో అది నేను వందసార్లు చూశాను. మొగుడూ పెళ్ళాల అన్యోన్యత అనుకున్నాను.

తర్వాత అమ్మను సైకాలజిస్టు అమ్మాయితో పక్క గదిలోకి పంపి, మమ్మల్ని అడగడం మొదలుపెట్టారు. మతిమరుపు ఉన్నట్టుండి వచ్చిందా, మెల్లగా వచ్చిందా? మెట్లు మెట్లుగా దిగిందా, జారుడుబల్లలా జారిందా? లేనివి కనిపిస్తున్నాయా? నడక మారిందా? దారి తప్పిందా? డబ్బు లెక్క, వంట, మందులు, స్నానం ఎవరు చూస్తున్నారు? కూరలు బాగానే వండుతుంది, చీర తనే కట్టుకుంటుంది, గేదె పాలు తనే తీస్తుంది అని నేను చెప్పుకుపోతున్నాను. ఆవిడ ఆపారు. "చేయగలదా అని కాదు. పక్కన ఎవరూ లేకుండా, గుర్తు చేయకుండా, ఒక్కరే మొదలుపెట్టి ముగిస్తున్నారా? అది చెప్పండి."

నేను నాన్న వైపు చూశాను. నాకు తెలియదు మరి.

మాట తడబడటమో, జ్ఞాపకం తగ్గడమో పరీక్షలో కనిపించినా, మనిషి తన రోజువారీ పనులు తను చేసుకోగలుగుతుంటే దాన్ని డిమెన్షియా అనరట. డిమెన్షియాకు ముందు మెట్టులాంటి ఒక స్థితి ఉంటుంది, అలాంటివాళ్ళను కొంతకాలం గమనిస్తారు. పనులు కూడా దెబ్బతింటేనే డిమెన్షియా. తేడా అంతా అక్కడే. మా ఇంట్లో ఆ తేడాను కప్పిపెడుతున్నది నాన్న. పొయ్యి ఆపేది ఆయన, కూరలో ఉప్పు వేశావని గుర్తు చేసేది ఆయన, మాత్రలు చేతిలో పెట్టేది ఆయన. బయటి నుంచి చూసేవాళ్ళకు అమ్మ అన్నీ చేసుకుంటున్నట్టే ఉంటుంది.

"ఎప్పటి నుంచి?" అని అడిగారు. "సంక్రాంతి నుంచండీ. ఓ పది నెలలు" అన్నాను.

నాన్న ఏమీ అనలేదు. చేతిసంచిలోంచి పాలిథిన్ కవర్ చుట్టిన చిన్న నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. దాన్ని నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

మొదటి పేజీలో 2022 ఆగస్టు అని ఉంది. ప్రతి నెలా ఆరు ఇళ్ళ పేర్లు. ఎడమపక్క అమ్మ చెప్పిన లెక్క, కుడిపక్క అసలు లెక్క. మొదటి నెల ఒక్కచోట తేడా, ఒక నాగా మర్చిపోయింది. తర్వాతి నెల తేడా లేదు. దసరా నెలలో రెండు. అలా నెలలు తిప్పుతుంటే ఎడమ, కుడి అంకెలు దూరం జరుగుతూ పోయాయి. 2024 ఫిబ్రవరి తర్వాత ఎడమపక్క ఏమీ లేదు. అప్పటి నుంచి అమ్మను అడగడం మానేశారన్నమాట. ప్రతి పేజీ అడుగున ఎవరికి ఎంత తిరిగిచ్చారో రాసి ఉంది, అదీ అమ్మకు తెలియకుండా.

"మీ అమ్మ లెక్క తప్పదని ఊరంతా అనేవాళ్ళు. ఆ మాట పోకూడదని..." అని ఆగిపోయారు నాన్న. ఎనిమిదో తరగతి చదివిన రైతు ఆయన. ఆయన చేతిరాత అంత పొందికగా ఉంటుందని నాకు తెలియదు.

డాక్టరమ్మ ఆ పుస్తకం చాలాసేపు తిప్పారు. "ఇది జిరాక్స్ తీసుకోవచ్చా అండీ?" అని అడిగారు.

ఇంటికి ఇచ్చి పంపిన ఒక ప్రశ్నావళి గురించి కూడా చెప్పాలి. పదేళ్ళ క్రితంతో పోలిస్తే ఇప్పుడు ఎలా ఉన్నారు అనేది దాని వరస. చుట్టాల పుట్టుపూర్వోత్తరాలు గుర్తున్నాయా, వస్తువులు ఎక్కడ పెట్టారో తెలుస్తోందా, కొత్త వస్తువు వాడటం నేర్చుకోగలుగుతున్నారా, డబ్బు వ్యవహారం ఎలా ఉంది? మామూలు పరీక్షలో మనిషిని లోకంతో పోలుస్తారు. ఇక్కడ మనిషిని తనతోనే పోలుస్తారు. అందుకే చదువురానివాళ్ళ విషయంలో ఇలాంటిది చాలా ఉపయోగమట. అన్నయ్య, నేను, నాన్న విడివిడిగా నింపాం. అన్నయ్య దాదాపు అన్నిటికీ 'తేడా లేదు' అని పెట్టాడు. నేను సగానికి 'కొంచెం తగ్గింది' అని పెట్టాను. నాన్న పెట్టినవి చూశాక అన్నయ్యకు వీడియో కాల్ చేశాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు, ఊరికే చూసుకుంటూ కూర్చున్నాం.

మేం పరీక్ష పెడతారని తొందరపడుతుంటే డాక్టరమ్మ మూడు వారాలు వెనక్కి జరిపారు. "వేసుకునే మందులన్నీ సంచిలో వేసి తీసుకురండి" అన్నారు. బల్ల మీద పోసి ఒక్కొక్కటీ చూసి, నిద్రమాత్ర మెల్లగా తగ్గించి ఆపమన్నారు. మూత్రానికి ఇచ్చిన మాత్రను అప్పటికప్పుడే ఆపించారు. అలాంటి మందుల్లో కొన్ని ముసలివాళ్ళ మెదడును మబ్బు కమ్మినట్టు చేస్తాయట. అవి ఒంట్లో ఉండగా పరీక్ష పెడితే మందుకు పెట్టినట్టే. తర్వాత చెవులు. ఈఎన్‌టీ డాక్టరు ఒక చెవిలోంచి పెద్ద గులిమి గడ్డ తీశారు. అయినా రెండు చెవుల్లోనూ వినికిడి తగ్గిందని తేలింది. మిషన్ పెట్టించాం. మాట సరిగ్గా వినపడని మనిషి మాట గుర్తుపెట్టుకోలేదని మార్కులు కొట్టేయడం ఎంత అన్యాయం! టీచర్నయి ఉండి ఆ ఆలోచన నాకు రాలేదు. వినికిడి తగ్గడమే డిమెన్షియా ముప్పును పెంచే కారణాల్లో ఒకటని, దాన్ని వదిలెయ్యకూడదని కూడా అప్పుడే తెలిసింది.

ఆ మూడు వారాల్లో అమ్మ తేరుకుంది. పగలు కునుకులు తగ్గాయి. టీవీలో మాటలకు బదులు చెప్పడం మొదలుపెట్టింది. నాకు ఆశ పుట్టుకొచ్చింది. ఇదంతా మందుల వల్లే, అమ్మకేమీ లేదు అని అన్నయ్యకు ఫోన్ చేసి చెప్పాను.

పరీక్ష రోజు నాన్నను బయట కూర్చోబెట్టారు. నన్ను అమ్మ వెనక కుర్చీలో కూర్చోనిచ్చారు, నోరెత్తకూడదని షరతు పెట్టి. అక్కడ అడిగిన మాటలు, బొమ్మలు ఉన్నవున్నట్టు నేనిక్కడ రాయను. ఇంట్లో పెద్దవాళ్ళకు బట్టీ పట్టించి తీసుకెళ్తే ఆ పరీక్ష ఇంక దేనికీ పనికిరాదు. కొందరు అలా చేస్తారట కూడా, ప్రేమతోనే.

సైకాలజిస్టు అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. "అమ్మమ్మా, మీది ఏ ఊరు? ఏ మండలం? ఏ జిల్లా?" అంటూ కబుర్లలోకి దించినట్టే పరీక్షలోకి దించింది. ఇవన్నీ అమ్మ చెప్పింది. ఏ నెల అంటే "కార్తీకం" అంది. ఇంగ్లిష్ నెల చెప్పాలని ఆ అమ్మాయి పట్టుపట్టలేదు, తెలుగు నెలనే రాసుకుంది. కానీ అప్పటికి కార్తీకం వెళ్ళిపోయి మార్గశిరం వచ్చేసింది. నెలంతా నా ఇంటి తులసి దగ్గర దీపాలు పెట్టింది, పోలిని స్వర్గానికి పంపే రోజు తెల్లవారుజామునే అరటిదొన్నెల్లో దీపాలు వదిలింది. అన్నీ చేసిన మనిషికి ఆ నెల అయిపోయిందని తెలియలేదు.

"తారీఖులతో మాకేం పనమ్మా? పాలు పిండే వేళ తెలిస్తే చాలు" అంది అమ్మ నవ్వుతూ. ఎంత గడుసుగా తప్పించుకుందో! ఆ గడుసుతనంతోనే రెండేళ్ళు మమ్మల్నందరినీ నమ్మించింది.

వారాలు వెనక్కి చెప్పమంటే శనివారం, శుక్రవారం, గురువారం అని వచ్చి, అక్కణ్ణుంచి మళ్ళీ శుక్రవారానికి ఎక్కింది. ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చెప్పమంది ఆ అమ్మాయి. గేదె, దూడ, ఆవు, ఎద్దు, మేక, కుక్క, గేదె, పిల్లి. ఆగింది. గేదె. నిమిషం అయిపోయింది. నా గోళ్ళు అరచేతుల్లో గుచ్చుకున్నాయి.

కొన్ని మాటలు చెప్పి, తిరిగి చెప్పించింది. అమ్మ అన్నీ సరిగ్గా చెప్పింది. చెవులు బాగా వినపడుతున్నాయని నేను లోపల సంతోషపడ్డాను. మధ్యలో వేరే పనులు చేయించి, కాసేపటికి "ఇందాక నేను చెప్పిన మాటలేమిటి అమ్మమ్మా?" అంది. "నువ్వేం మాటలు చెప్పావు? ఏం చెప్పలేదుగా" అంది అమ్మ. తప్పించుకోవడానికి అన్నట్టు లేదు ఈసారి. నిజంగానే తనకేమీ చెప్పలేదని నమ్ముతోంది. "ఒకటి తినేది" అని అందించినా రాలేదు.

అదే అసలైన గుర్తని ఆ అమ్మాయి తర్వాత వివరించింది. దిగులుతో ఉన్నవాళ్ళకు, మామూలుగా వయసు పైబడినవాళ్ళకు చాలాసార్లు చిన్న మాట అందిస్తే గుర్తొస్తుందట. డబ్బాలో వేసి ఎక్కడ పెట్టామో మర్చిపోవడం లాంటిది అది, వెతికితే దొరుకుతుంది. అసలు డబ్బాలో పడకపోతే ఎంత వెతికినా ఏముంటుంది?

ప్రశ్నపత్రం కనపడితే టీచర్ ఊరుకోలేదు కదా. బడి మెట్లెక్కనివాళ్ళకు ఇలాంటి పరీక్షలు న్యాయమేనా అని అడిగాను. ఆ అమ్మాయి కోప్పడలేదు, కూర్చోబెట్టి చెప్పింది. ప్రపంచమంతా వాడే 30 మార్కుల పరీక్ష ఒకటి 1975లో అమెరికాలో తయారైంది. అందులో వాక్యం చదవాలి, వాక్యం రాయాలి. 2005లో కెనడాలో వచ్చిన ఇంకో 30 మార్కుల పరీక్షలో, 12 ఏళ్ళు లేదా అంతకన్నా తక్కువ చదివినవాళ్ళకు ఒక మార్కు కలుపుతారు. ఒక్కటంటే ఒక్కటి! అమ్మకు చదువు తక్కువ కాదు, అసలే లేదు. గడియారం బొమ్మ గీయమంటే ఆవిడ పెన్సిలు పట్టుకోవడమే కొత్త. అందుకని చదువురానివాళ్ళ కోసం మన దేశంలో 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో ఒక హిందీ పరీక్ష తయారు చేశారట. చదివి చేయమనడానికి బదులు చూసి చేయమనడం, వంద నుంచి ఏడేసి తీసివేయమనడానికి బదులు వారాలు వెనక్కి చెప్పమనడం లాంటి మార్పులతో. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో కలిపి అయిదు భాషల్లో పరీక్షల మూటను సిద్ధం చేయించింది. అమ్మకు పెట్టింది చదవడం, రాయడం అక్కర్లేనిది. మార్కులు కూడా చదువురాని మిగతా పెద్దవాళ్ళ మార్కులతో పోల్చి చూస్తారు.

డాక్టరమ్మ మొదటి రోజే అమ్మకు ఎన్ని భాషలు వచ్చని అడిగారు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు, తర్వాత తెలిసింది. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల మీద జరిగి 2013లో అచ్చయిన పరిశోధన ఒకటుంది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైనట్టు అందులో తేలింది. చదువురానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించిందట. ఉర్దూ, తెలుగు, హిందీ కలగలిసిన ఊళ్ళోనే అది కనిపెట్టగలిగారేమో. అమ్మకు తెలుగొక్కటే వచ్చు.

పరీక్ష అయిపోయాక, కాగితాలు మూసేశాక, ఆ అమ్మాయి ఊరికే అడిగింది. నాన్న పుస్తకం సంగతి డాక్టరమ్మ చెప్పి ఉంటారు. "అమ్మమ్మా, పాలు లీటరు 60 రూపాయలు. నేను రోజుకు అరలీటరు పోయించుకున్నాను. నెలకు 30 రోజులు. మూడు నాగాలు. నేనెంత ఇవ్వాలి?"

అమ్మ ముఖం వెలిగింది. వేళ్ళు కదిలాయి. "ముప్పై ముప్పైలు తొమ్మిది వందలు. నాగాలెన్నన్నావు?"

"మూడు."

"మూడు. ముప్పై ముప్పైలు తొమ్మిది వందలు... నాగాలెన్ని?"

"మూడు అమ్మమ్మా."

"మూడు నాగాలకు తొంభై తీసెయ్. ఎనిమిది వందల పది" అంది అమ్మ, గట్టిగా, ఊళ్ళో గుమ్మం ముందు నిలబడి చెప్పినట్టు. నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. ఆ అమ్మాయి కూడా "కరెక్ట్!" అంది. అమ్మ నవ్వింది. చీర కొంగు సర్దుకుంది. తర్వాత ముందుకు వంగి, "ఇంతకీ నాగాలెన్నన్నావమ్మా?" అని అడిగింది.

అప్పటిదాకా నాలో ఉన్న ఆశ అక్కడ పోయింది.

రక్తపరీక్షలు, స్కాన్ ఆ వారంలోనే అయ్యాయి. వాటి పని మతిమరుపును కొలవడం కాదు. బాగుచేయగల కారణం ఏదైనా దాక్కుని ఉందా అని వెతకడం. థైరాయిడ్ బాగానే ఉంది. సోడియం బాగానే ఉంది. బి12 మాత్రం 148 ఉంది, చాలా తక్కువ. పడినప్పుడు మెదడు పైన రక్తం గడ్డకట్టిందేమోనన్న భయం ఉండేది, అది లేదని ఎంఆర్ఐలో తేలింది. మెదడులో నీరు నిండలేదు. దిగులు ఉందేమోనని కూడా వేరే ప్రశ్నలు అడిగారు, జబ్బుగా తేలేంత లేదు. స్కాన్ ఫిల్ము వెలుతురుకు పెట్టి డాక్టరమ్మ నాకు రెండు చోట్లు చూపించారు. చెవుల పైభాగానికి లోపలగా, కొత్త జ్ఞాపకాలు నిలవడానికి ఆధారమైన హిప్పోక్యాంపస్ అనే భాగం రెండు పక్కలా కుంచించుకుపోయి ఉంది. బీపీ వల్ల సన్నని రక్తనాళాలు దెబ్బతిన్న తెల్లమచ్చలు కొన్ని ఉన్నాయి. "బి12 ఎక్కించి, మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం. కానీ ఆశంతా దాని మీద పెట్టుకోకండి" అన్నారు.

అమ్మకు చెప్పొద్దని నేను ముందుగానే డాక్టరమ్మకు సైగ చేశాను. మనలో చాలామంది చేసేదే. ఆవిడ నా సైగ చూసీ చూడనట్టు, అమ్మ చేయి పట్టుకుని నేరుగా అడిగారు. "అమ్మా, మీ పరీక్షల సంగతి మీకు చెప్పమంటారా, మీ అమ్మాయికి చెప్పమంటారా?"

"నాకే చెప్పండి. తల నాది కదా" అంది అమ్మ.

"జ్ఞాపకం దాచుకునే చోట జబ్బు చేసినట్టుంది. అల్జీమర్స్ అంటారు. ఇంకోసారి చూసి గట్టిగా చెబుతాను. ఇది మీ తప్పు కాదు, పిచ్చి కాదు."

అమ్మ కాసేపు తన చేతుల వంక చూసుకుంది. "నాకు తెలుస్తూనే ఉందమ్మా. ఈయన పుస్తకంలో రాసుకోవడం నేను చూడలేదా? నాకు చదవడం రాదు గానీ, నేను లెక్క చెప్పినప్పుడల్లా ఎందుకు రాస్తున్నాడో తెలియదా?"

నాన్న తల వంచుకున్నారు. ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా దాచుకుంటూ రెండేళ్ళకు పైగా ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర కూర్చున్నారు.

మార్చిలో మళ్ళీ వెళ్ళాం. బి12 ఇంజెక్షన్ల వల్ల అరికాళ్ళ తిమ్మిర్లు తగ్గాయి, మనిషిలో చురుకు వచ్చింది. మార్కులు రెండు పెరిగాయి. కానీ చెప్పిన మాటలు కాసేపటికి గుర్తుచేసుకునే చోట మార్పు లేదు. అల్జీమర్స్, దానికి తోడు రక్తనాళాల దెబ్బ కొంత, తొలి దశ అని రాశారు. దశ తేల్చడానికి మార్కులొక్కటే చూడరట. జ్ఞాపకం, కాలం-చోటు తెలియడం, మంచిచెడుల నిర్ణయం, బయటి వ్యవహారాలు, ఇంటి పనులు, ఒంటి శుభ్రత అని ఆరు విషయాల్లో ఇంటివాళ్ళు చెప్పింది, మనిషి చెప్పింది కలిపి చూస్తారు. ఈసీజీ తీసి గుండె కొట్టుకునే తీరు చూశాక డోనెపెజిల్ అనే మందు మొదలుపెట్టారు. అది జబ్బును ఆపదని, కొందరిలో కొంతకాలం కాస్త నిలబెడుతుందని దాచకుండా చెప్పారు. మొదటి వారం విరేచనాలయ్యాయి, తర్వాత సర్దుకుంది.

మన దేశంలో 60 దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియా ఉందని, అంటే దాదాపు 88 లక్షల మందని పెద్ద సర్వే ఒకటి అంచనా వేసింది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో, పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువట. ఆ అంకె చదివినప్పుడు నాకు మా ఊరి వీధే కనిపించింది. చాదస్తం అని మేం నవ్వుకున్న ముసలమ్మలు, అదే కథ పదిసార్లు చెబుతుందని పిల్లలం ఆటపట్టించిన మా నాయనమ్మ. వాళ్ళను ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు.

తొమ్మిది నెలల ముందే వెళ్ళి ఉంటే ఈ జబ్బు ఆగేది కాదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆ నిద్రమాత్ర పడేది కాదు, అమ్మ ఆ రాత్రి తొట్టి దగ్గర పడేది కాదు. బ్యాంకు ఖాతా, పొలం కాగితాల సంగతులు ఇంకొంచెం బాగా అర్థమవుతున్నప్పుడే తన నోటితో చెప్పి ఉండేది. అవి ఇప్పుడు త్వరత్వరగా చేశాం, తను వద్దన్నవి వదిలేశాం. మీ ఇంట్లో ఎవరైనా లెక్క తప్పడం మొదలుపెడితే, ఎప్పుడు, ఏ లెక్క, ఎంత తప్పారో రాసిపెట్టుకోండి. డాక్టరు ఎప్పటి నుంచి అని అడిగినప్పుడు నాలాగా తెల్లముఖం వేయకుండా ఉంటారు.

ఇద్దరూ ఊరెళ్ళిపోయారు. హైదరాబాదులో ఉండమంటే అమ్మ ఒప్పుకోలేదు, గేదె ఉందంది. డాక్టరమ్మ కూడా అలవాటైన ఇల్లే మంచిదన్నారు. గ్యాసు పొయ్యి నాన్న చేతిలో ఉంది. ఆరు ఇళ్ళవాళ్ళకూ సంగతి చెప్పేశాం. అందరూ అమ్మ దగ్గరే పాలు పోయించుకుంటున్నారు, డబ్బులు మాత్రం నాన్న చేతికి ఇస్తున్నారు. పుస్తకం ఇప్పుడు సంచిలో దాచడం లేదు. మొన్న నేను వెళ్ళినప్పుడు సాయంత్రం అరుగు మీద కూర్చుని నాన్న చదువుతున్నారు, అమ్మ వింటోంది. "ఎదురింటికి ఇవాళ నాగా. రాసుకోండి" అంది అమ్మ. ఎదురింటివాళ్ళు పొద్దున పోయించుకున్నారు, నేను చూశాను. నాన్న ఎడమపక్క 'నాగా' అని, కుడిపక్క 'అరలీటరు' అని రాశారు.

ఆఖరి పేజీలో వచ్చే సెప్టెంబరు అపాయింట్‌మెంట్ తారీఖు రాసుకున్నారు. దాని కింద, 'చెవి మిషన్ బ్యాటరీలు, మందుల సంచి, పాల పుస్తకం తీసుకెళ్ళాలి' అని ఉంది.